మూలం తవ్వకుండా మనసు కుదుటపడుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఊరు. మా వారు ఆరెకరాల్లో వనామీ రొయ్యలు వేస్తారు, అందులో సగం లీజు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ తెగులు వచ్చి పోయాయి. ఎనిమిది నెలలుగా ఆయనకు సరైన నిద్ర లేదు, ఇంట్లో మాట లేదు. తాగుడు అలవాటు లేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి నాన్న ఇంట్లో ఉంటే గదిలోంచి బయటికే రావడం లేదు. బతిమాలి భీమవరంలో ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగైదు సిట్టింగులు చాలన్నారు. ఇదంతా ఎలా మొదలైంది, ఎందుకిలా అయింది అని పెద్దగా అడగలేదు. "ఈ రాత్రి ఏదో అద్భుతం జరిగి మీ సమస్య పోయిందనుకోండి, పొద్దున్నే మీకెలా తెలుస్తుంది?" అన్నారు. మా వారు "అప్పు తీరిందని ఫోన్ వస్తే తెలుస్తుంది" అని లేచి వచ్చేశారు. ఇక రానంటున్నారు. మూలం తెలుసుకోకుండా నాలుగు మాటలతో నయం చేసే పద్ధతి నిజంగా ఉందా? మా డబ్బు దండగేనా?

సమాధానం:

ఉందమ్మా, నిజంగానే ఉంది. అమలాపురంలో కూర్చుని 17 ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే. చెరువుల వాళ్లు, కొబ్బరి వాళ్లు, కువైట్ వెళ్లి వచ్చిన ఆడవాళ్లు, ర్యాంకుల టెన్షన్‌తో అన్నం మానేసిన పిల్లలు, ఎంతోమంది నా ఎదుట కూర్చుని ఆ అద్భుతం ప్రశ్న విన్నారు. వాళ్లలో సగం మంది మొదట చెప్పిన జవాబు మీ వారు చెప్పిందే. ఆయన తప్పు ఏమీ మాట్లాడలేదు. ఆ జవాబు దగ్గరే మాట ఆగిపోయింది, అంతే. అసలు పని దాని తర్వాతి ప్రశ్నతో మొదలవుతుంది. దాని గురించి వివరంగా చెబుతాను.

దానికంటే ముందు ఒక మాట. ఎనిమిది నెలలుగా నిద్ర లేని మనిషి, మీద అప్పు, ఇంట్లో మౌనం. ఇలాంటప్పుడు నేను ఎవరినైనా మొదట అడిగేది ఒకటే. "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట ఆయన నోట వచ్చిందా? కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కులు సర్ది మీకు అప్పజెప్పడం, ఎవరినో చివరిసారి చూసినట్టు చూసి రావడం లాంటివి గమనించారా? అనుమానం ఉంటే ఆయన్నే సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు భయం. అలా జరగదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. చెరువుకు వాడే మందులు, పొలం మందులు చెరువు దగ్గరి మకాంలో బయట పెట్టి ఉంటే తాళం వేసి, ఆ తాళం చెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. అవునన్నారా, కౌన్సెలింగ్ పద్ధతుల గురించి ఆలోచించడం పక్కన పెట్టి అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆయన కోసం మీరు కూడా చేయవచ్చు.

అలాంటిదేమీ లేదనుకుని మిగతాది రాస్తున్నాను.

ఈ పద్ధతి పేరు సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ. అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్లో 1978లో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే భార్యాభర్తలు, మరికొందరు కలిసి ఒక కుటుంబ చికిత్స కేంద్రం పెట్టారు. ఇన్సూ కొరియాలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్లు ఒక గదిలో కుటుంబంతో మాట్లాడుతుంటే, అద్దం వెనక నుంచి మిగతా బృందం చూసేది. ఏ ప్రశ్న అడిగాక మనుషుల్లో కదలిక వస్తోంది, ఏ ప్రశ్న అడిగాక ఇంకా కుంగిపోతున్నారు అని ఏళ్ల తరబడి చూసి రాసుకున్నారు. వాళ్ల కంట పడింది ఏమిటంటే, ఎంత ముదిరిన సమస్యకైనా సెలవు రోజులు ఉంటాయి. రోజూ కొట్టుకునే మొగుడూ పెళ్లాలు కొట్టుకోని పూట ఒకటి ఉంటుంది. నిద్ర పట్టని మనిషికి పట్టిన రాత్రి ఒకటి ఉంటుంది. ఆ పూట ఏం జరిగిందో ఎవరూ అడగరు, ఎందుకంటే అందరి చూపూ చెడ్డ పూటల మీదే ఉంటుంది.

మన కాలువలు గుర్తు తెచ్చుకోండి. గుర్రపుడెక్క కమ్మేసి నీళ్లు కనిపించవు. కానీ రోజూ దోనె తిరిగే చోట సన్నగా ఒక దారి తెరిచి ఉంటుంది. కాలువ మొత్తం ఒక్కసారి బాగుచేయడం మన వల్ల కాదు. ఆ సన్న దారి ఎక్కడుందో చూసుకుని, అటే మళ్లీ మళ్లీ దోనె నడిపితే అది వెడల్పవుతుంది. ఈ కౌన్సెలింగ్‌లో జరిగే పని అచ్చం అదే.

ఇప్పుడు మీరు అడిగిన మూలం సంగతి. జ్వరం వస్తే మూలం తెలియాలి, నిజమే, మలేరియాకు ఒక మందు, టైఫాయిడ్‌కు ఒక మందు. కానీ మీ ఇంటి సంగతి చూడండి. మూలం తెలియక మీ వారు బాధపడుతున్నారా? ఆయనకు మూలం నా కంటే, మీ కంటే, ఆ కౌన్సెలర్ కంటే బాగా తెలుసు. రొయ్య పిల్లల సీడ్ ఎక్కడ తెచ్చారో, నీళ్లు ఏ రోజు పెట్టారో, పక్క చెరువు ఎప్పుడు పోయిందో, లీజుకు ఎందుకు ఒప్పుకున్నారో, ఈ ఎనిమిది నెలలూ రాత్రంతా ఆయన తవ్వుతున్నది మూలాన్నే. తవ్విన కొద్దీ నిద్ర పోతోంది. మళ్లీ ఒక గదిలో కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమంటే ఆయన ఇంకోసారి తవ్వుతారు.

ఇంకో సంగతి ఆయనకు చెబితే వెంటనే అర్థమవుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలితే ఆయన ఏం చేస్తారు? గట్టు మీద కూర్చుని ఎందుకు పడిపోయిందని ఆలోచించరు. ముందు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. నీటి రంగు, మేత, అడుగు మట్టి సంగతి తెల్లారాక చూసుకుంటారు. అయితే ఈ పద్ధతి అంత అత్యవసర వైద్యం మాత్రమే అనుకోవద్దు. చాలామందికి ఏరేటర్ వేశాక, తెల్లారాక, ఆ రెండో వెతుకులాట అవసరమే పడదు.

సరే, ఆ అద్భుతం ప్రశ్న. మిల్వాకీలో ఒకావిడ అలసిపోయి "ఏదైనా అద్భుతం జరిగితే తప్ప నా బతుకు మారదు" అందట. ఇన్సూ ఆ మాటనే పట్టుకుని, సరే, జరిగిందే అనుకుందాం, అప్పుడు ఎలా ఉంటుంది అని అడిగారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. అలా పుట్టిన ప్రశ్న అది. దాన్ని గబుక్కున అడిగితే ఎగతాళిలా వినిపిస్తుంది, అప్పుల్లో ఉన్న రైతుకైతే మరీను. నెమ్మదిగా, ఆ ఇంటి మనుషులను, ఆ ఇంటి పనులను కలుపుకుని అడగాలి. నేను అడిగే తీరు దాదాపు ఇలా ఉంటుంది: "ఇక్కడి నుంచి ఇంటికి వెళ్తారు. చెరువు చూసుకుంటారు, అన్నం తింటారు, పడుకుంటారు. ఇల్లంతా సద్దు మణిగాక, మీరు నిద్రలో ఉండగా, ఏదో జరిగి మీరు ఇక్కడికి ఏ బాధతో వచ్చారో అది తీరిపోయింది. మీరు నిద్రలో ఉన్నారు కనుక మీకు తెలియదు. లేచాక మొట్టమొదట ఏ చిన్న సంగతి చూసి, ఏదో మారింది అనుకుంటారు?" అడిగి ఊరుకుంటాను. ఒక్కోసారి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఆ రెండు నిమిషాలు తట్టుకోవడం కౌన్సెలర్‌కు అన్నిటికంటే కష్టమైన పని.

నరసాపురం వైపు నుంచి కొన్నేళ్ల కిందట ఒక రైతు వచ్చారు. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. మీ ఇంటి కథలాంటిదే. ఆయన కూడా "బాకీ తీరిపోద్దండి" అన్నారు. నేను కాదనలేదు. "తీరిపోయింది. అది మీకింకా తెలియదు. మామూలుగానే లేచారు. అప్పటి మీకూ ఇప్పటి మీకూ ఏంటండి తేడా? మీ ఆవిడ ఏం చూసి, ఈయనకేదో అయింది అనుకుంటారు?" అన్నాను.

చాలాసేపు నేల చూశారు. తర్వాత అన్నారు: "టీ గ్లాసు అందుకుని అరుగు మీద కూచుంటానండి. ఇదివరకు అలాగే కూచునేవోణ్ణి. ఇప్పుడు ఫ్లాస్కులో పోయించుకుని గట్టు మీదకి పోతన్నా."

"అరుగు మీద కూర్చుంటే ఇంకేం జరుగుతుంది?"

"మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఏదో ఒకటి చెప్తదండి. పాలోడి సంగతో, పక్కింటోళ్ల సంగతో."

"మీరేం చేస్తారు?"

"వింటానండి." ఆ మాట అని కళ్లు తుడుచుకున్నారు. పక్కన కూర్చున్న ఆవిడ కూడా ఏడ్చేసింది. అప్పు సంగతి అప్పుడే అయిపోయిందని నేను అనను. కానీ ఆ గదిలో మొదటిసారి, అప్పుతో సంబంధం లేకుండా రేపే చేయగలిగిన పని ఒకటి దొరికింది.

తర్వాత అంకెల ప్రశ్న అడిగాను. ఇదీ ఈ పద్ధతిలో ముఖ్యమైనదే. సున్నా అంటే అన్నిటికంటే చెడ్డ రోజు, పది అంటే ఆ అద్భుతం మర్నాడు, ఇవాళ ఎంత? "రెండండి" అన్నారు. మామూలుగా మనం "అయ్యో రెండేనా" అంటాం. ఈ పద్ధతిలో అడగాల్సింది, సున్నా ఎందుకు కాదు, ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి అని. ఆయన కొంచెం చిరాకుగా చూసి, "రోజూ మూడింటికి లేచి ఏరేటర్లు చూత్తన్నా గదండీ. మానేస్తే సున్నా" అన్నారు. ఆ మాట వినగానే ఆయన భార్య తల తిప్పి ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తు. నెలల తరబడి ఆవిడకు ఆ మనిషి కుప్పకూలినట్టే కనిపించాడు. రోజూ మూడింటికి లేస్తున్నాడన్నది కళ్లెదుటే ఉన్నా కనిపించలేదు. మూడు అయితే ఎలా ఉంటుందని అడిగితే, ఆయనే చెప్పారు, వారంలో ఒకటి రెండు రోజులు అరుగు మీద కూచోవడం. పది ఎప్పటికో, ముందు మూడు.

రెండు వారాల తర్వాత వచ్చారు. ఏమైనా మెరుగైందా అన్నాను. "ఆయ్, నాలుగు రోజులు కూచున్నానండి" అన్నారు. మిగతా పది రోజులు ఎందుకు కూర్చోలేదని నేను అడగలేదు. ఆ నాలుగు రోజులూ ఎలా వీలైంది అని అడిగాను. ఆయనా ఆలోచించుకోలేదు, అక్కడే కూర్చుని లెక్క వేసుకుంటే తేలింది. ఆ నాలుగు రోజులూ ఫోన్ మకాంలో చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయి ఇంటికి వచ్చారు. మేత బాకీ వాళ్లు, వడ్డీ వాళ్లు ఫోన్ చేసేది పొద్దున్నే. చేతిలో ఫోన్ లేని పూట ఆయన మనిషిగా ఉన్నారు. ఆ సంగతి నేను ఎంత చదువుకున్నా కనిపెట్టగలిగేదాన్ని కాదు. ఎనిమిది గంటల దాకా ఫోన్ మకాంలోనే ఉంచడం, బాకీ వాళ్లకు రోజూ సాయంత్రం ఆరింటికి తనే ఫోన్ చేసి మాట్లాడడం, రెండూ ఆయన పెట్టుకున్న నియమాలే. మొత్తం ఐదుసార్లు వచ్చారు, నాలుగు నెలల్లో. ఆఖరుసారి అంకె ఆరు చెప్పారు. అప్పు అప్పటికి తీరలేదు, ఒక చెరువు వదిలేసుకున్నారు. నిద్ర మాత్రం పట్టింది, ఇంట్లో మాట వచ్చింది. ఆరు చాలండి, మిగతాది మేం చూసుకుంటాం అని వాళ్లే అన్నారు. నాలుగైదు సిట్టింగులు అనే లెక్క ఎవరో గీసిన గీత కాదమ్మా. వచ్చినవాళ్లు ఇక చాలు అనుకునేసరికి చాలాసార్లు అన్నే అవుతాయి. ప్రతి సిట్టింగునూ ఇదే ఆఖరుది కావచ్చు అన్నట్టు నడుపుతాం.

ఈ పద్ధతిలో నేను చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి, మీ వారు లేచి వచ్చేశారన్నారు కనుక. కొత్తలో, శిక్షణ అయిన ఉత్సాహంలో ఉన్నప్పుడు, కాలువలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి వచ్చింది. పది నిమిషాలు కూడా ఆమె మాట వినకుండా ఆ అద్భుతం ప్రశ్న అడిగేశాను. ఆవిడ నా వంక చూసి, "నా కొడుకు లేచొస్తాడామ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ రోజు తర్వాత, పోయిన మనిషి కోసం వచ్చినవాళ్లను నేను ఆ ప్రశ్న అడగలేదు. అలాంటి వాళ్లను అడగాల్సింది వేరే ఉంది: "ఇంత జరిగాక కూడా ఇవాళ లేచి, తల దువ్వుకుని, బస్సెక్కి ఇక్కడిదాకా ఎలా రాగలిగారు?" ఇది కూడా మిల్వాకీ వాళ్లు నేర్పిందే. అద్భుతాన్ని ఊహించే బలం లేని మనిషికి, ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చాడో గుర్తు చేసే ప్రశ్న. మీ వారి విషయంలో మీ కౌన్సెలర్ కొంచెం తొందరపడి ఉండవచ్చు. ఆయన బాధ పూర్తిగా విన్నాక అడిగి ఉంటే, బహుశా కూర్చునేవారు. పద్ధతి తప్పని దీన్నిబట్టి అనుకోవద్దు. ఆ కౌన్సెలర్‌కు కూడా ఈ మాట ఫోన్ చేసి చెప్పండి, "మా వారికి అది ఎగతాళిలా అనిపించింది" అని. మంచి మనిషైతే సర్దుకుంటారు.

మన ఇళ్లలో పెద్దమనుషుల సలహాకూ దీనికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. పెద్దలు మంచి మనసుతోనే చెబుతారు, "సర్దుకుపో", "ధైర్యంగా ఉండు", "అందరికీ వచ్చే కష్టమే". అవన్నీ ఆయనకు చేయాల్సిన పని చెబుతాయి, ఆయన చేస్తున్న పని చూడవు. పాజిటివ్‌గా ఆలోచించండి అని చెప్పేది కూడా ఈ పద్ధతి కాదు. ఎవరైనా కౌన్సెలర్ మీ వారితో "నవ్వండి, అంతా మంచే జరుగుతుంది" అంటే ఆ గది నుంచి నిక్షేపంగా లేచి రావచ్చు. ఇక్కడ మెచ్చుకోలు ఉంటుంది, కానీ ప్రతి మెచ్చుకోలుకూ కళ్లతో చూసిన రుజువు ఉండాలి. మూడింటికి లేవడం రుజువు.

ఉమ్మడిగా బతికే మన ఇళ్లకు ఇందులో బాగా కలిసి వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. "మీ అత్తగారు ఏం చూసి మార్పు వచ్చిందంటారు? మీ అమ్మాయి ఏం చూస్తుంది?" మనవాళ్లు తమ గురించి తాము చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. పక్కవాళ్ల కంటితో చెప్పమంటే గడగడా చెబుతారు. మీ అమ్మాయి గది తలుపు గురించి అడిగితే మీ వారు ఏం చెబుతారో నాకు వినాలని ఉంది. "గది తలుపు వేసుకోదండి" అంటారేమో. అయితే ఆ తలుపు తీసి ఉన్న పూట ఈ నెలలో ఎప్పుడైనా ఉందా? ఆ పూట ఆయన ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు?

ఆయన ఇక రానంటున్నారు కదా. బలవంతం చేయకండి. మీరొక్కరే వెళ్లండి. ఇంట్లో ఒకరు ఒక పని వేరుగా చేస్తే రెండోవాళ్లు ఇదివరకులా ఉండలేరు. భర్త రాకుండా భార్య ఒక్కతే వచ్చి ఇల్లు తేరుకున్న సందర్భాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. ఈలోగా ఇంట్లో చేయగలిగింది ఒకటి చెబుతాను. మొదటి సిట్టింగు చివర మేం దాదాపు అందరికీ ఇచ్చే పనే ఇది: వచ్చే వారం రోజులూ, మీ ఇంట్లో ఇలాగే ఉంటే బాగుండు అనిపించేది ఏం జరుగుతుందో గమనించండి. ఆయన్ని మార్చొద్దు, ఏమీ చెప్పొద్దు, చూడండి అంతే. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, అలాంటిది జరిగిన రోజున ఆ తేదీ గడిలో చిన్న చుక్క పెట్టండి. కూర బాగుందని ఆయన అన్నా సరే, అమ్మాయిని బస్టాప్ దాకా బండి మీద దించినా సరే, రాత్రి నాలుగు గంటలు కదలకుండా పడుకున్నా సరే. చుక్క పడిన రోజు దానికి ముందు పూట ఏం జరిగిందో గుర్తు చేసుకుని ఒక్క ముక్క రాసుకోండి. ఇంకోటి, అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజుకూ అక్కడికి వెళ్లిన రోజుకూ మధ్య ఇంట్లో ఏదైనా కొంచెం మెరుగైందా గుర్తు తెచ్చుకోండి. మిల్వాకీ బృందం 1987లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో ఇలా 30 మందిని అడిగితే 20 మంది అవునన్నారు. కౌన్సెలర్ నోరు తెరవకముందే మొదలైన మార్పు అది. ఎవరూ అడగకపోతే అది లెక్కలోకి రాకుండా పోయేది.

ఇది పనిచేస్తుందనడానికి నా అనుభవం కాకుండా ఇంకేముంది అంటారా? ఈ పద్ధతి మీద జరిగిన 43 అధ్యయనాలను 2013లో ఒకచోట చేర్చి చూస్తే, 32 అధ్యయనాల్లో స్పష్టమైన మేలు కనిపించింది. పెద్దవాళ్ల డిప్రెషన్‌కు ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు దొరికాయి. ఇంకో పక్క కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో డిప్రెషన్, ఆందోళన ఉన్న 326 మందికి వేర్వేరు చికిత్సలు ఇచ్చి మూడేళ్లు గమనించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. మొదటి ఏడాదిలో తక్కువ కాలపు చికిత్సలు, అందులో ఈ పద్ధతి ఒకటి, త్వరగా ఊరట ఇచ్చాయి. మూడేళ్లు గడిచేసరికి ఎక్కువ కాలం నడిచిన చికిత్స తీసుకున్నవాళ్లు ముందుకు వెళ్లారు. అంటే కొందరికి ఐదు సిట్టింగులు సరిపోవు. చిన్నప్పటి నుంచి మోస్తున్న గాయం ఉన్నవాళ్లు, మళ్లీ మళ్లీ డిప్రెషన్‌లోకి జారేవాళ్లు ఇంకా లోతుగా, ఎక్కువ కాలం మాట్లాడాల్సి రావచ్చు. అలాంటివాళ్లను నేనే వేరేవాళ్ల దగ్గరికి పంపుతాను.

లేని మాటలు వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకున్నా అలుపు లేకుండా తిరగడం, తాగుడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావడం, ఇవి ప్రశ్నలతో తీరేవి కావు. సైకియాట్రిస్ట్ చూడాలి, మందులు పడాలి. మా వైపు వాళ్లను నేను కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపుతుంటాను. మీ వారిని కూడా ఒకసారి సైకియాట్రిస్ట్‌కు చూపించమనే చెబుతాను, ఎనిమిది నెలల నిద్రలేమి తక్కువేమీ కాదు. మందులు వాడుతూ ఈ కౌన్సెలింగ్ తీసుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు.

కౌన్సెలర్ చదువు గురించి అడగడానికి మొహమాటపడకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, నంబరు అడిగితే చెబుతారు. ఉత్త కౌన్సెలర్ అని బోర్డు ఉంటే ఏం చదివారు, ఈ పద్ధతిలో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు అని అడగండి. చనిపోవాలన్న ఆలోచనల గురించి మొదటి రోజే అడిగారా లేదా అన్నది నా దృష్టిలో పెద్ద పరీక్ష. మీరు రాసినదాంట్లో ఆ సంగతి లేదు. అడగకపోతే అది లోటే. మూడు సిట్టింగులు అయినా ఇంట్లో ఒక్క చుక్క కూడా పెరగకపోతే అదే పని కొనసాగించడంలో అర్థం లేదు. పనిచేయనిదాన్ని వదిలి వేరేది చేయాలన్నది ఈ పద్ధతిలోనే ఉన్న నియమం, అది కౌన్సెలర్‌కూ వర్తిస్తుంది.

అప్పు సంగతి కౌన్సెలింగ్ తీర్చదు. బ్యాంకు వాళ్లతో వాయిదాల గురించి మాట్లాడాలి, లీజు వదలాలా ఉంచాలా తేల్చుకోవాలి. కానీ నిద్ర లేని మనిషి ఆ లెక్కలు తేల్చలేడు. రెండూ ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కనే నడవనివ్వండి.

ఆయనతో ఈ రాత్రే కౌన్సెలింగ్ మాట ఎత్తకండి. పొద్దున్న చెరువు దగ్గర నుంచి వచ్చాక టీ ఇస్తూ, "ఇంత జరిగినా ఒక్క రోజూ చెరువు మానలేదు మీరు, ఎలా లేస్తున్నారండీ?" అని అడిగి చూడండి. జవాబు రాకపోయినా పర్వాలేదు, పక్కన కాసేపు నిలబడండి. క్యాలెండర్ మీద వారం తర్వాత ఎన్ని చుక్కలు పడ్డాయో, ఏ రోజుల్లో పడ్డాయో ఇక్కడే రాయండి. అవి చూసి తర్వాత ఏం అడగాలో చెబుతాను.